కాంచనమాల: ఒక విద్యార్థిని ప్రశ్న

జగిత్యాలలో డిగ్రీ విద్యార్థులకు తెలుగు చెప్పటం నా వృత్తి. పోయిన సంవత్సరం చలాన్ని గురించి పాఠం చెబుతూ, ఆయన కథతో 1938లో వచ్చిన 'మాలపిల్ల' చిత్రాన్ని ప్రస్తావించాను. గూడవల్లి రామబ్రహ్మం దర్శకత్వం వహించాడనీ, తాపీ ధర్మారావు మాటలు రాశాడనీ, బ్రాహ్మణ యువకుడు హరిజన యువతిని పెండ్లాడే కథను ఆ రోజులలో తెర మీదికి తేవటం సామాన్యమైన సాహసం కాదనీ చెప్పాను. ఇవి నేను ఏటా చెప్పే మాటలే. ఆ రోజు మాత్రం, కోరుట్ల నుంచి రోజూ బస్సులో వచ్చి చదువుకునే ఒక అమ్మాయి లేచి నిలబడింది. వాళ్ల అమ్మ బీడీలు చేస్తుంది. వాళ్ల ఇల్లు వున్నది మాలవాడలో. యీ రెండు సంగతులూ దాచుకోవలసినవని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

"సార్, ఆ సినిమాల మాలపిల్ల ఏషం ఎవరు ఏసిండ్రు?"

"కాంచనమాల. ఆ కాలంలో తెలుగు తెర మీద ఆమెను మించిన అందగత్తె లేదని పేరు."

"గంత అందంగ లేకుంటె, ఆ పంతులు కొడుకు ఆమెను చేసుకుంటుండెనా సార్?"

తరగతి నవ్వింది. నేనూ నవ్వాను. ఇంతలో గంట కొట్టారు. పుస్తకం మూసి బయటికి వస్తూ అమ్మయ్య అనుకున్నాను. ఒక ప్రశ్నకు జవాబు చెప్పకుండా తప్పించుకున్నందుకు ఉపాధ్యాయుడికి ఊరట కలిగిందంటే, ఆ ఊరటను కొంచెం అనుమానించవలసిందే. యీ వ్యాసం ఆ అనుమానం నుంచి పుట్టింది.

కాంచనమాల 1917లో పుట్టింది. తెనాలి ప్రాంతపు మనిషి. అదే 1917లో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన పంచమ మహాసభ జరిగింది. పంచములమనే పేరును తోసివేసి, తాము ఆది ఆంధ్రులమని ఆ సభ ప్రకటించుకున్నది. యీ రెండు సంఘటనలకూ సంబంధం లేదు. అయినా వీటిని పక్కపక్కన పెట్టటానికి కారణం వున్నది. తమ పేరు తామే పెట్టుకున్న ప్రజలను గురించి ఇరవయ్యొక్క ఏండ్ల తరువాత మనవాళ్లు చిత్రం తీసినప్పుడు, వారిని వారు పెట్టుకున్న పేరుతో పిలవలేదు. పైవాళ్లు దయతో ఇచ్చిన పేరుతో పిలిచారు. వారి కష్టాన్ని చూపటానికి వారిలో నుంచి ఒక ముఖాన్ని వెదకలేదు. కాంచనమాల ముఖాన్ని తెచ్చారు.

ఆమె 1935లో 'శ్రీకృష్ణ తులాభారం'తో సినిమాలోకి వచ్చింది. మరుసటి యేడు 'వీరాభిమన్యు'లో నటించింది. 1938 నాటికి ఆమె పేరు తెలుగుదేశమంతా మోగింది. అవి నటులు తమ పాటలు తామే పాడుకోవలసిన రోజులు. అందం ఒక్కటే వుంటే చాలదు, గొంతు వుండాలి, పద్యం చదవగలగాలి, కెమెరా ముందు మైకుకు అందేలా నిలబడి నటిస్తూ పాడాలి. ఇదంతా పని. కాని ఆమెను గురించి రాసినవారిలో ఎక్కువమంది ఆ పనిని వదిలి కండ్లను గురించి రాశారు. ఆమె బొమ్మతో వచ్చిన క్యాలెండర్లు ఇండ్లలోనూ అంగళ్లలోనూ వేలాడినవని పెద్దలు చెబుతారు.

ఆ రెండు మూడేండ్లలో ఆమె వేసిన వేషాల జాబితా చూస్తే ఒక విచిత్రం కనిపిస్తుంది. 1938లోనే 'గృహలక్ష్మి'లో ఆమె సంసారాన్ని కూల్చే నర్తకి. ఇల్లాలి వేషం కన్నాంబది. అదే యేడు 'మాలపిల్ల'లో అంటరాని పిల్ల. 1939లో బి.ఎన్.రెడ్డి 'వందేమాతరం'లో అత్త వెళ్లగొట్టిన పేదింటి కోడలు. ఆ యేడే వై.వి.రావు 'మళ్లీపెళ్లి'లో బాలవితంతువు. కందుకూరి వీరేశలింగం నాటి నుంచి మన సంస్కర్తలు చర్చిస్తూ వచ్చిన సమస్యలన్నీ, అస్పృశ్యత, వితంతు వివాహం, వేశ్యా సమస్య, అత్తింటి ఆరళ్లు, రెండేండ్ల కాలంలో ఒక్క స్త్రీ ముఖం మీదుగా నడిచాయి. ప్రేక్షకుడు ఆ ముఖాన్ని చూడటానికి వచ్చి సంస్కరణను చూశాడా, లేక సంస్కరణ పేరు చెప్పి ఆ ముఖాన్ని చూశాడా? రెండూ నిజమే. యీ రెండింటిలో ఒకదాన్ని దాచిపెట్టి రెండవదాన్ని పొగడటం మాత్రం విమర్శ కాదు. నేను ఇంతకాలం చేసింది అదే.

ఇక్కడ మా బాపమ్మ సంగతి చెప్పాలి. మాది పద్మశాలి కుటుంబం. బాపమ్మది కోరుట్ల. ఆమె పుట్టేనాటికే వాళ్లింట్లో మగ్గం కూడు పెట్టటం మానేసింది. పెండ్లయిన తరువాత ఆమె బీడీల చాట ఒళ్లో పెట్టుకొని కూర్చున్నది. దాదాపు నలభై యేండ్లు దించలేదు. పిల్లగా వున్నప్పుడు శారదకాండ్ల నోట బాలనాగమ్మ కథ విన్నది. తరువాత ఎప్పుడో ఊరికి డేరా టాకీసు వచ్చినప్పుడు 'బాలనాగమ్మ' సినిమా చూసింది. జెమినీ వాళ్లు 1942లో తీసిన చిత్రం అది. చిత్తజల్లు పుల్లయ్య దర్శకుడు. మాయల మరాఠీగా గోవిందరాజుల సుబ్బారావు, సంగుగా పుష్పవల్లి, బాలనాగమ్మగా కాంచనమాల. ఆ నటి పేరు బాపమ్మకు తెలియదు. ఆమె లెక్కలో ఆ నటి పేరే బాలనాగమ్మ.

2021లో బాపమ్మ చనిపోయిన తరువాత ఆమె రేకు సందుగ తెరిచాము. మూత లోపలి వైపు ఒక పాత క్యాలెండరు బొమ్మ అతికించి వున్నది. తేదీలున్న భాగం కత్తిరించి వేసింది. రంగు వెలిసినా ఆ కండ్లు పోల్చుకోవచ్చు. చీరె తీసుకునేటప్పుడు, పెట్టేటప్పుడు, రోజుకు రెండుసార్లు ఆమె ఆ ముఖాన్ని చూసి వుంటుంది. "గీమె లెక్క ఒక్క ఫోటువ దిగాల్నని ఉండెరా బిడ్డా" అని ఆమె నాతో ఒకసారి అన్నట్టు గుర్తు. ఆమె నడివయసు ఫోటో మా ఇంట్లో ఒక్కటే వున్నది. అది బీడీ కార్మికుల గుర్తింపు కార్డు మీదిది. సర్కారు ముద్ర సగం ముఖాన్ని మింగింది.

బీడీల పని తెలియనివారికి ఒక మాట. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. తూకం వేసి ఇచ్చిన తునికాకూ తంబాకూ తెచ్చుకొని, ఇంట్లో చేసి, కట్టలు కట్టి కార్ఖానాకు పోతే, అక్కడ కొన్నింటిని 'ఛాట్' అని పక్కకు తీస్తారు. అంటే బాగాలేవని తిరస్కరించటం. వాటికి కూలి రాదు. ఆకు తక్కువ వస్తే కార్మికురాలే కొనుక్కొని వేయాలి. బీడీ ఎట్లా వుండాలో నిర్ణయించేది చేసినామె కాదు. ఏది పనికివచ్చేది, ఏది పనికిరానిది అనే తీర్పు ఎప్పుడూ బల్లకు అవతలివాడిదే. మా బాపమ్మ ఆ బల్ల ముందు నిలబడి ఏమీ అనేది కాదట. ఇంటికి వచ్చిన తరువాత తిట్టేదట.

కాంచనమాల జీవితాన్ని చదివినప్పుడు నాకు ఆ బల్ల గుర్తుకు వచ్చింది. 'బాలనాగమ్మ' ఘనవిజయం సాధించింది. జెమినీ సంస్థకు అది పెద్ద బలాన్ని ఇచ్చింది. కాని ఆ చిత్రపు నాయికకు అదే దాదాపు చివరి చిత్రమయింది. సంస్థ అధిపతి వాసన్‌తో ఆమెకు వివాదం వచ్చిందనీ, ఇతరుల చిత్రాలలో నటించటానికి వీలులేకుండా ఒప్పందం ఆమెను కట్టివేసిందనీ సినిమా చరిత్రకారులు రాశారు. అప్పటికి ఆమె వయస్సు పాతికేండ్లు. ఆపైన భర్త మరణం, మనసు చెదరటం, ఏండ్ల తరబడి మౌనం. 1963లో, తన స్నేహితురాలు లక్ష్మీరాజ్యం నిర్మించిన 'నర్తనశాల'లో కాసేపు కనిపించిందని చెబుతారు. 1981 జనవరి 24న మరణించింది.

ఆమె గతిని మనవాళ్లు సాధారణంగా విధి అని వర్ణిస్తారు. అందానికి శాపం వుంటుందని ఒక మాట అని నిట్టూరుస్తారు. యీ మాట నాకు నచ్చదు. శాపం అన్నప్పుడు శపించినవాడు కనిపించకుండా పోతాడు. జరిగింది శాపం కాదు, ఒప్పందం. ఒక మనిషి ముఖమూ గొంతూ ఆమెవే అయినా, వాటిని ఎప్పుడు ఎక్కడ వాడుకోవాలో నిర్ణయించే హక్కు పెట్టుబడి పెట్టినవాడి చేతికి పోవటం. మగ్గం నేసేవాడిదే అయినా నూలు సేఠుది అయినప్పుడు ఏం జరుగుతుందో సిరిసిల్లలో చిన్నపిల్లవాడిని అడిగినా చెబుతాడు. కథలో బాలనాగమ్మను మాయల మరాఠీ ఏండ్ల తరబడి బంధిస్తే, కొడుకు బాలవర్ధి పెరిగి పెద్దవాడయి, మరాఠీ ప్రాణం వున్న చిలుకను పట్టుకొని తల్లిని విడిపించాడు. కాంచనమాల కోసం ఎవరూ బయలుదేరలేదు. ఆమె బొమ్మలు మాత్రం ఇండ్లలో అట్లాగే వేలాడాయి.

అభ్యుదయ రచయితలు కూడా ఆమెను పట్టించుకోలేదనే నా ఆరోపణ. 1943 ఫిబ్రవరిలో తెనాలిలో, ఆమె ప్రాంతంలోనే, అభ్యుదయ రచయితల సంఘం మొదటి మహాసభ జరిగింది. అధ్యక్షత వహించింది 'మాలపిల్ల'కు మాటలు రాసిన తాపీ ధర్మారావే. నేను ఆయనను తప్పుపట్టటం లేదు. ప్రపంచ యుద్ధం నడుస్తున్న కాలం అది. మోయవలసిన బరువులు చాలా వున్నాయి. కాని సినిమా నటిని కార్మికురాలిగా చూడటం మన విమర్శకు ఆనాడే కాదు, ఇప్పటికీ సరిగా అలవాటు కాలేదు. రైతునూ నేతగాడినీ చూసిన కంటితో ఆమెను చూడలేకపోయాము. ఆమె రంగు పూసుకుంటుంది కాబట్టి ఆమెది శ్రమ కాదనుకున్నాము.

ఇక ఆ అమ్మాయి ప్రశ్నకు వస్తాను. చిత్రంలో శంపాలతను చూసి నాగరాజు ప్రేమిస్తాడు. ఆమె అందంగా లేకపోతే ప్రేమించేవాడా అన్నది ఊహ. దానికి జవాబు లేదు. కాని ఆ ఊహ వెనుక వున్నది ఊహ కాదు. అంటరానితనం తప్పు అని చెప్పటానికి, అంటరాని పిల్ల అందరికంటే అందగత్తె కావలసి వచ్చింది. ఆమెకు పెండ్లి అర్హత కావాలంటే ఆ వాడలో పుట్టినందుకు అదనపు పన్ను కట్టాలి, ఆ పన్ను అందం రూపంలో కట్టాలి. సంస్కరణకు వున్న పరిమితి ఇది. అయితే ఇంకొక వైపు కూడా చూడాలి. ఆ వాడవైపు చూడటమే మైల అనుకున్న కండ్లు, 1938లో టిక్కెట్టు కొని, చీకట్లో కూర్చొని, అక్కడి పిల్లను రెప్పవేయకుండా చూశాయి. ఇది చిన్న సంగతి కాదు. ఆ చూపులో కోరిక వున్నది, నిజమే. కాని అసహ్యంతో తిప్పుకున్న తల మళ్లీ ఇటు తిరగటంలో కాంచనమాల ముఖానికి భాగం వున్నది. ఆ మేరకు అది చరిత్రలో పనిచేసిన ముఖం.

ఇంతవరకు చెబితే నేను విమర్శకుడిగా తప్పించుకోవచ్చు. ప్రశ్న వేసినప్పుడు నేను నవ్వి వూరుకున్నది ఇందుకు కాదు.

2019లో సిరిసిల్ల నుంచి చిన్నబాపు కబురు పెట్టాడు. వాళ్లబ్బాయి, నా తమ్ముడు, సాంచాల మీద పనిచేస్తాడు. అదే కార్ఖానాలో కండెలు చుట్టే అమ్మాయిని పెండ్లి చేసుకుంటానన్నాడు. అమ్మాయి మాలవాళ్ల పిల్ల. ఇంటిలో చదువుకున్నవాడిని కాబట్టి నన్ను పిలిచారు. పెద్దవాళ్లు పదిమంది కూర్చున్నారు. బయట సాంచాల చప్పుడు వినిపిస్తున్నది. రెండు గంటలు మాట్లాడారు. ఒక్కరి నోటా కులం మాట రాలేదు. "పిల్ల నల్లగున్నది" అన్నది చిన్నమ్మ. "మన పోరనికి తగదు" అన్నాడు ఇంకొకాయన. "ఇంత తెల్లగ ఉంటె గని ఏమన్న ఆలోచించుదుము" అన్నారు ఎవరో. అందరూ తలలూపారు. తమ్ముడు నావైపు చూశాడు.

నేను చాయ తాగుతున్నాను. "తొందరపడకుండ అందరు మల్లొక్కసారి ఆలోచించుండ్రి" అన్నాను. ఆ మాట ఎవరి పక్షాన పడిందో అక్కడ అందరికీ అర్థమయింది, నాతో సహా. అదే నెలలో ఒక సాహిత్య సదస్సులో 'మాలపిల్ల' మీద పత్రం చదివాను. బాగున్నదని అన్నారు. తమ్ముడూ ఆ అమ్మాయీ రిజిస్టరు పెండ్లి చేసుకొని భీవండికి పోయారు. అక్కడ కూడా సాంచాలే.

నేను ఆలస్యంగా గ్రహించింది ఇది. ఆ పిల్ల కాంచనమాల అయివుంటే మావాళ్లు ఒప్పుకునేవారా? ఒప్పుకునేవారు కాదు. ఇంకొక వంక చూసుకునేవారు. 'మాలపిల్ల'లో అందం కులాన్ని దాటించే పడవ. మా సిరిసిల్ల ఇంటిలో అందం లేకపోవటం కులాన్ని దాచే ముసుగు. రెండు చోట్లా మాట్లాడింది అందాన్ని గురించి. రెండు చోట్లా నడిచింది కులం వ్యవహారమే. ఆ అందం ఎట్లా వుండాలో నిర్ణయించే బల్ల ఒక్కటే. దానికి అవతల కూర్చున్నవాడు కాంచనమాలను మెచ్చి గిరాకీ చేశాడు, పని తీరిన తరువాత పక్కకు పెట్టాడు. మా తమ్ముడి భార్యను మొదటే ఛాట్ తీశాడు. మా బాపమ్మ ముఖాన్ని చూడనే లేదు.

కిందటి దసరాకు సిరిసిల్ల పోయినప్పుడు చిన్నమ్మ దగ్గర తమ్ముడి నంబరు తీసుకొని ఫోన్ చేశాను. ఆనాడు నేను మాట్లాడవలసింది, మాట్లాడలేదు అన్నాను. కొంతసేపు అవతల సాంచాల చప్పుడే వినిపించింది. "నువ్వు మాట్లాడితె ఆళ్లు ఒప్పుకుంటుండె అని కాదన్నా. నువ్వు మాట్లాడితె ఆమెకు జరంత మంచిగుంటుండె" అన్నాడు. అంతకంటే ఎక్కువ అనలేదు. నా పత్రంలో ఇరవై పుటలు రాసి పట్టుకోలేని విషయాన్ని అతడు రెండు మాటలలో చెప్పాడు. మనం పక్షం వహించటం ఫలితం కోసమే కాదు. తీర్పుకు గురయినవారు ఒంటరిగా నిలబడకుండా వుండటం కోసం కూడా.

సెలవుల తరువాత ఆ తరగతికి మళ్లీ 'మాలపిల్ల' కథ చెప్పాను. ఈసారి ప్రేమతో మొదలుపెట్టలేదు, చెరువుతో మొదలుపెట్టాను. ఆ చిత్రంలో వాడవాళ్లకు చెరువు నీళ్లు ముట్టనివ్వరు. వాళ్లు పొలం పనులు మానేస్తారు. నీళ్లకూ కూలికీ సంబంధించిన ఆ పోరాటం చిత్రంలోనే వున్నది. మనమే దాన్ని మరచి పెండ్లిని మాత్రం గుర్తుపెట్టుకున్నాము. తెర మీద కాంచనమాల ముఖం అంత పెద్దగా వుండటం అందుకు ఒక కారణం. అయితే ఆ తప్పు ఆమెది కాదు. తరువాత ఆమె జీవితం చెప్పాను. తరువాత సిరిసిల్లలో నేను తాగిన చాయ సంగతి చెప్పాను. ఉపాధ్యాయుడు తరగతిలో ఇటువంటివి చెప్పవచ్చునా అని కొందరు మిత్రులకు సందేహం కలగవచ్చు. చెప్పకుండా చలాన్ని ఎట్లా చెప్పాలో నాకు తెలియలేదు.

ఆ అమ్మాయి అంతా విన్నది. "మీ బాపమ్మ ఫోటువ ఉన్నదా సార్?" అని అడిగింది. జేబులో నుంచి గుర్తింపు కార్డు తీసి ఇచ్చాను. ముద్ర కింద మిగిలిన సగం ముఖాన్ని ఆమె కొంతసేపు చూసింది. ఎవరూ నవ్వలేదు.

"మా అమ్మకు సుత గిట్లాంటిదే ఉన్నది సార్" అని తిరిగి ఇచ్చింది.